ఆరని ఆయిల్ లైటు

ఈ మెకానిక్ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను ఎక్కువగా రెండు ప్రశ్నలు అడుగుతారు. బండి లోపం చూపించే స్కానర్ ఏది కొనాలని ఒకటి. పని ఎందుకు మానేశారని ఇంకొకటి. స్కానర్ సంగతి నాకు తెలియదు. మార్కెట్లోకి రోజుకొకటి వస్తోంది, కొన్నవాడు వారం తిరక్కుండా ఇంకోటి బాగుంటుందంటాడు. రెండో ప్రశ్నకు మోకాళ్లు పాడయ్యాయని చెబుతూ వచ్చాను. అందులో అబద్ధం లేదు. కానీ మోకాళ్లు పాడైన మెకానిక్‌లు సికింద్రాబాద్‌లో కోకొల్లలు. అందరూ ఎత్తుపీట వేసుకుని పని చేస్తూనే ఉన్నారు. నేను కూడా చేతులు ఆడినన్నాళ్లు అలాగే గడపాలనుకున్నవాణ్ణే.

నా పేరు మహబూబ్. మాది జనగామ దగ్గర చిన్న ఊరు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. పదో తరగతి తప్పితే మా మేనమామ చెయ్యి పట్టుకుని సికింద్రాబాద్ తీసుకొచ్చి ఒక గ్యారేజీలో అప్పగించాడు. తర్వాత బతుకంతా ఇంజన్ల కిందే గడిచింది. ఎప్పుడు ఎక్కడ ఏ హోదాలో చేశానన్నది ఇక్కడ రాయను, దానివల్ల ఎవరికీ ఒక బోల్టు కూడా బిగించడం రాదు. నాకు పని నేర్పిన మనిషి గురించి, ఆయన బిగించిన చివరి ఇంజన్ గురించి రాస్తాను. అందులోనే మీకు కావలసింది ఉంది. అది సంతోషపెట్టే కథ కాదని ముందే చెబుతున్నాను.

చుక్కలు

నాకు పని నేర్పిన రాజయ్య ఉస్తాద్ గ్యారేజీ మారేడ్‌పల్లికి పోయే రోడ్డు మీద ఉండేది. ఇప్పుడక్కడ బట్టల షోరూం ఉంది. మనిషి పొట్టి, మాట తక్కువ, కోపం ముక్కు మీదే ఉండేది. పొగడ్త అనేది ఆయన నోట నేను వినలేదు. పని బాగా కుదిరితే “నడుస్తది” అనేవాడు. ఆ ఒక్క మాట కోసం మేం రోజంతా ఒళ్లు హూనం చేసుకునేవాళ్లం.

ఆయన దగ్గర చేరినవాడు ముందుగా నేర్చుకునేది నట్టు విప్పడం కాదు, చుక్క పెట్టడం. ఇంజన్ అడుగున క్రాంకు అనే బరువైన ఇనుప దండం తిరుగుతూ ఉంటుంది. దాన్ని కిందినుంచి పట్టి ఉంచడానికి వరసగా ఐదు క్యాపులు ఉంటాయి. చూడటానికి ఐదూ కవల పిల్లల్లా ఉంటాయి గానీ ఒకదాని చోట ఇంకోటి పనికి రాదు. ఫ్యాక్టరీలో ఏ క్యాపును ఆ జాగాలో బిగించే తొలుస్తారు. మార్చి పెడితే కూర్చుంటుంది, బోల్టు బిగుస్తుంది, ఇంజన్ స్టార్టు కూడా అవుతుంది. ఆ తర్వాత లోపల బేరింగులను నెమ్మదిగా తినేస్తుంది. అందుకే విప్పే ముందు పంచ్ అనే సన్న మొన ఉలి పెట్టి సుత్తితో చిన్నగా కొట్టి, మొదటి క్యాపు మీద ఒక చుక్క, దాని పక్కన ఇంజన్ దిమ్మె మీద ఒక చుక్క, రెండోదానికి రెండేసి, మూడోదానికి మూడేసి పెడతాం. మళ్లీ బిగించేటప్పుడు చుక్కకు చుక్క కలవాలి. ఇందులో తెలివి ఏమీ అక్కర్లేదు, కళ్లుంటే చాలు.

ఇంకో అలవాటు కూడా నేర్పాడు. ఒక్కో క్యాపు బిగించగానే క్రాంకును రెండు వేళ్లతో తిప్పి చూడాలి. మెత్తగా తిరగాలి. తిరగకపోతే అక్కడే ఆగాలి. ఒకసారి నేను “కొత్త బేరింగులు కద ఉస్తాద్, నడిస్తే సదురుకుంటది” అన్నాను. ఆయన నా వైపు చూసి, “సదురుకునేది సంసారం. ఇంజన్ సదురుకోదు. ఇప్పు” అన్నాడు. బిగించిందంతా విప్పించాడు.

మీరు ఏ కాలంలో ఏ బండి మీద పని చేసినా ఈ రెండూ పాటించండి. కంప్యూటర్లు వచ్చాయని ఇనుము తన గుణం మార్చుకోలేదు.

చేతులు కడుక్కో

మా గ్యారేజీలో ఒకణ్ణి తీసేయాలంటే ఉస్తాద్ తిట్టేవాడు కాదు. తిట్టాడంటే మన మీద ఆశ ఉన్నట్టు. తీసేయాలనుకున్నప్పుడు వాడి చేతిలోని నట్లు విప్పే పానా తీసుకుని నేల మీద పెట్టేవాడు. “పోయి చేతులు కడుక్కో” అనేవాడు. అంతే. చేతులు కడుక్కున్నవాడు మళ్లీ మా గ్యారేజీలో పానా పట్టేవాడు కాదు. వేరే గ్యారేజీలవాళ్లు కూడా వాణ్ణి చేర్చుకునేవాళ్లు కాదు, రాజయ్య ఉస్తాద్ కడుక్కోమన్నాడంటే ఊరికే అనడని వాళ్లకు తెలుసు.

నా కళ్లముందు అది జరిగింది శంకర్‌కు. నాకంటే ముందు చేరినవాడు, చెయ్యి మంచిది. ఒక సెకండ్ హ్యాండ్ కార్ల వ్యాపారి అతనితో బయట పనులు చేయించుకునేవాడు. అరిగిపోయిన ఇంజన్‌లో ఆయిల్ ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు ఇంజన్ పక్కన ఉండే ఆయిల్ సెన్సార్ స్టీరింగు ముందున్న ఎర్ర లైటు వెలిగిస్తుంది. ఆ లైటు చూస్తే ఎవడూ బండి కొనడు. ఊరికే వైరు పీకేస్తే తాళం తిప్పినప్పుడు కూడా లైటు రాదు, కొనేవాడికి అనుమానం వస్తుంది. అందుకని ఆ వైరును తెచ్చి బ్యాటరీ చార్జింగ్ లైటుకు కలుపుతారు. అప్పుడు తాళం తిప్పితే రెండు లైట్లూ వస్తాయి, ఇంజన్ స్టార్టు కాగానే రెండూ ఆరిపోతాయి. కొన్నవాడికి అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఈ విద్య మార్కెట్లో అందరికీ తెలుసు, చేశామని మాత్రం ఎవరూ చెప్పరు.

శంకర్ అలా లైటు ఆర్పిన ఒక బండి మేడ్చల్ దాటాక నడిరోడ్డు మీద ఇంజన్ పట్టేసి ఆగిపోయింది. వెనక వస్తున్న లారీ ఆగలేదు. వెనక సీట్లో కూర్చున్న పెద్దావిడ అక్కడే పోయింది. పెళ్లికి పోయి వస్తున్నారు. ఆ బండిని తుక్కుగా మా ఎదురుగా ఉన్న ఖాళీ జాగాలో పడేశారు. ఉస్తాద్ డ్యాష్‌బోర్డు విప్పి వైరు చూశాడు, ఆ ముడి చూశాడు. శంకర్ ముడి వేసే తీరు ఆయనకు తెలుసు, నేర్పింది ఆయనే. లోపలికి వచ్చి పానా తీసుకుని కింద పెట్టాడు.

శంకర్ కాళ్లు పట్టుకున్నాడు. తనకు చిన్నపిల్లలున్నారన్నాడు. ఉస్తాద్ కాళ్లు విడిపించుకుని పనిలోకి వెళ్లిపోయాడు. ఆ రోజు ఆయన మీద నాకు కోపం వచ్చింది. ఆ కోపం పోవడానికి చాలాకాలం పట్టింది.

సెన్సార్ మార్చేవాళ్లు

గ్యారేజీ స్థలం యజమాని అమ్మేశాక నేను ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌లో చేరాను. టైల్స్ నేల, గాజు గోడలు, మెడకు కార్డు. అక్కడి మేనేజరు మంచివాడే, నవ్వుతూ మాట్లాడేవాడు. కానీ ఇంజన్ శబ్దం వినడం ఎన్నడూ చూడలేదు. స్కానర్ ఏ సెన్సార్ పేరు చూపిస్తే ఆ సెన్సార్ మార్చమనేవాడు. “కంప్యూటర్ చెప్పింది కదా” అనేవాడు. కంప్యూటర్ చెప్పేది ఫలానా సెన్సార్ ఇట్లా అంటోందని. ఆ సెన్సార్ అబద్ధం చెబుతోందని కాదు. ఈ రెంటి మధ్య తేడా తెలియకుండానే ఎంతోమంది ఈ పనిలో తల నెరిపేసుకున్నారు.

ఒక టీచరమ్మ కారు వేడెక్కుతోందని వస్తే ఇలాగే టెంపరేచర్ సెన్సార్ మార్చి పంపారు. మళ్లీ వచ్చింది, మళ్లీ మార్చారు. తప్పు సెన్సార్‌ది కాదు, ఇంజన్ పైభాగం పగిలి లోపల నీళ్లు కారిపోతున్నాయి. నేను చెప్పాను. “మహబూబ్ భాయ్, మీరు పాతకాలం మనిషి” అన్నాడు మేనేజరు. ఆ ఇంజన్ చివరికి పనికిరాకుండా పోయింది. టీచరమ్మ కారు తీసుకెళ్లలేదు, మమ్మల్ని తిట్టనూ లేదు. ఆటో ఎక్కి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

వార్త నచ్చకపోతే వార్త తెచ్చినవాణ్ణి మార్చడం మనుషులకు అలవాటు. లైటు వెలిగిందంటే ముందు అది నిజం చెబుతోందనుకోండి. గేజు పెట్టి చూడండి. అది అబద్ధమని తేలాకే సెన్సార్ మార్చండి.

యాప్రాల్ రేకుల షెడ్డు

సర్వీస్ సెంటర్ నుంచి రిటైరయ్యాక మల్కాజ్‌గిరిలో మా ఇంటి ముందే పాత కస్టమర్ల బండ్లు చూసుకునేవాణ్ణి. ఆ రోజుల్లోనే ఒక ఉదయం రాజయ్య ఉస్తాద్ ఫోన్ చేశాడు.

“మహబూబ్, ఆయిల్ సెన్సార్ ఒకటి కావాలె. రాణిగంజ్‌ల మంచిది చూసి తీస్కరా. ఈడ దొరికేవన్నీ నకిలీ. ఒకటి మార్చిన, అది సుత ఖరాబే.”

“ఎవరి బండికి ఉస్తాద్?”

“నా బండికే. ఇంజన్ దించి నేనొక్కణ్ణే బిగించిన.”

ఆయన ఇల్లు యాప్రాల్‌లో. చుట్టూ రాళ్లు తప్ప ఏమీ లేనప్పుడు కట్టుకున్న ఇల్లు. పెరట్లో రేకుల షెడ్డు, అందులో ఆయన సామాను, ఒక పాత పెట్రోలు కారు. ఆయన ఆరోగ్యం బాగుండటం లేదని విన్నాను గానీ ఏమిటన్నది నాకు తెలియదు. ఆయన భార్య యాదమ్మ గేటు దగ్గరే నన్ను ఆపి చెప్పింది.

“మతి ఉంటలేదు కొడుకా. మార్కెట్‌కు పోయి ఇంటికి తొవ్వ మర్సిపోయిండు. ఎవలో పోలీసాయన తీస్కచ్చి దించిండు. షెడ్డుల గ్యాసు వెల్డింగు ముట్టిచ్చి, గట్లనే వదిలిపెట్టి వచ్చి పండుకుండు. సుధాకర్ పరేషాన్ అయితుండు. షెడ్డు తీసేస్తా అంటుండు.”

సుధాకర్ వాళ్ల కొడుకు, వాళ్లతోనే ఉంటాడు, ఒక ఆఫీసులో అకౌంట్లు చూస్తాడు. చెడ్డవాడు కాదు. పెట్రోలు, గ్యాసు సిలిండరు ఉన్న షెడ్డులో మతిమరుపు మనిషిని ఒంటరిగా వదలడం ఎవరికైనా భయమే. డాక్టరు కూడా అదే చెప్పాడట. ఉస్తాద్ ఒప్పుకోలేదు. తనకు ఏ రోగమూ లేదన్నాడు. “ఒక ఇంజన్ విప్పి నేనొక్కణ్ణే బిగిస్తా. మంచిగ నడిస్తే షెడ్డు నాది, మీరు మాట్లాడొద్దు. నడవకుంటే అన్నీ తుక్కోనికి ఇయ్యి” అని కొడుకుతో పందెం వేశాడు. సుధాకర్ సరేనన్నాడు, తండ్రి కొన్నాళ్లు ఒకచోట కూర్చుంటాడు కదా అనుకుని.

ఉస్తాద్ కూర్చున్నాడు. చలికాలంలో మొదలుపెట్టి మామిడికాయలు వచ్చేదాకా దాని మీదే ఉన్నాడు. బిగించాడు. స్టార్టు చేశాడు. ఇంజన్ నడిచింది. యాదమ్మ కాలనీ అంతా లడ్డూలు పంచింది. కానీ ఇంజన్ వేడెక్కాక ఆయిల్ లైటు వెలగడం మొదలైంది. అది ఆరితేనే పందెం తేలినట్టని సుధాకర్ అన్నాడు.

“సాయంత్రం సుధాకర్ వచ్చి నిన్నే అడుగుతడు, మహబూబ్ అన్న ఏమన్నడని” అంది యాదమ్మ.

కొత్త సెన్సార్

ఉస్తాద్ నన్ను గుర్తుపట్టాడు. పొట్ట పెరిగిందని వెక్కిరించాడు. చాయ్ తాగినవా అని అడిగాడు. తాగిన ఉస్తాద్ అన్నాను. కాసేపటికి మళ్లీ అడిగాడు. మళ్లీ తాగిన అన్నాను. సామానంతా గోడకు వరసగా వేలాడుతోంది, ఒక్కటీ జాగా తప్పలేదు. అది చూసి నాకు ధైర్యం వచ్చింది. డాక్టర్లు అన్నీ ఎక్కువ చేసి చెబుతారులే అనుకున్నాను.

ఇంజన్ గురించి మాట్లాడుతుంటే ఆయన మొహం విప్పారింది. పిస్టన్లు ఎలా తూచాడో, వాల్వులు ఎలా రుద్దాడో వివరంగా చెప్పాడు. ఎక్కడా తడబడలేదు. చివరికి ఇలా అన్నాడు.

“క్రాంకు ఒక్కటే జెర గట్టిగ తిరిగింది. కొత్త బేరింగులు కద, నడిస్తే సదురుకుంటది.”

నా చేతిలో సెన్సార్ డబ్బా ఉంది. దాన్ని విప్పుతున్నవాణ్ణి ఆగిపోయాను. ఆయన మాత్రం మామూలుగానే ఉన్నాడు, చేతులు గుడ్డకు తుడుచుకుంటున్నాడు. నేను మళ్లీ డబ్బా విప్పడంలో పడ్డాను.

సెన్సార్ మార్చడం పెద్ద పని కాదు. ఆయిల్ ఫిల్టరు పక్కన బొటనవేలంత ఇనుప ముక్క, దానికి ఒక వైరు. వైరు తీసి, పాతది విప్పి, కొత్తది పెట్టి బిగించాలి, అతిగా బిగించకూడదు. నేను పాతది విప్పాక కొత్తది పెట్టకుండా ఆ రంధ్రంలో ఆయిల్ ఒత్తిడి కొలిచే నా గేజు పెట్టాను. ఉస్తాద్ స్టార్టు చేశాడు. చల్లగా ఉన్నప్పుడు ముల్లు బాగానే నిలబడింది. ఇంజన్ వేడెక్కుతున్నకొద్దీ ముల్లు జారడం మొదలైంది. మెల్లగా, ఎవరో లోపల కూర్చుని లాగుతున్నట్టు జారింది. చివరికి సున్నాకు దగ్గరగా వచ్చి వణుకుతూ ఉండిపోయింది.

“గేజు సుత ఖరాబున్నట్టుంది” అన్నాడు ఉస్తాద్.

“ఉండొచ్చు ఉస్తాద్.”

గేజు తీసి కొత్త సెన్సార్ పెట్టాను. మళ్లీ స్టార్టు చేశాం. లైటు వెలిగింది. ఆయన సీటులో కూర్చుని ఆ ఎర్ర చుక్క వైపు చాలాసేపు చూశాడు. తర్వాత ఇంజన్ ఆపి, మొహం కడుక్కోవడానికి ఇంట్లోకి వెళ్లాడు.

యాదమ్మ అడిగింది

ఆయన లోపలికి వెళ్లగానే యాదమ్మ వచ్చింది. ఆమె ఉస్తాద్ భార్యగా ఎంతోకాలం గడిపిన మనిషి, గ్యారేజీ మాటలన్నీ ఆమెకు తెలుసు.

“సెన్సార్‌ది కాదు కద?”

“కాదమ్మా. లోపల ఏందో ఉంది.”

ఆమె కొంచెంసేపు కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది. తర్వాత గొంతు తగ్గించింది. “వైరు కలిపితే లైటు ఆరుతది కద. శంకర్ చేసినట్టు.”

నేను గేజు తుడవడం మొదలుపెట్టాను.

“బండి గేటు దాటది కొడుకా. తాళం నా కొంగుకు కట్టుకుంట. ఆ షెడ్డు తీసేస్తే ఆయన ఏం పట్టుకోని బతుకుతడు? పొద్దుగాల లేస్తే ఆడికే పోతడు. మా పేర్లు మర్సిపోతుండు గని ఏ పానా ఏడున్నదో మర్సిపోలే. నీకు దండం పెడుత, ఆ లైటు ఒక్కటి ఆర్పు.”

అబద్ధం ఎందుకు, నేను ఆ వైరు వైపు చూశాను. ఎంతోసేపు పట్టే పని కాదది. వయసులో నాకు తల్లిలాంటి మనిషి ఏడుస్తూ అడుగుతోంది. దానివల్ల ఎవరికి నష్టం అనిపించింది. అప్పుడే ఆమె, ఇంకా బతిమాలడం కోసమే, ఒక మాట అంది.

“ఇంజన్ కాంగనే నన్ను గుట్టకు తీస్కపోతనన్నడు. రోజు అంటడు. గా సంతోషమన్న ఉండనీ.”

యాదగిరిగుట్టకు పోయేది హైవే. లారీలు గాలిలా పోతుంటాయి. తాళం కొంగున కట్టుకుంటానంటోంది గానీ, గేటు దగ్గర ఆమే చెప్పింది, మొన్న సుధాకర్ స్కూటరు తాళం దిండు కింద దాస్తే వెతికి తీసి నడుపుకుంటూ పోయినవాడు ఆయన. లైటు ఆరిపోతే ఆయన మనసులో ఇంజన్ బాగైపోయినట్టే. ఏదో ఒక రోజు భార్యను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరతాడు.

“అమ్మా, నా తోని కాదు. వేరే ఏదన్న అడుగు” అన్నాను.

ఆమె కోపగించుకోలేదు. కళ్లు తుడుచుకుంది. “మరి సుధాకర్‌కు ఏం చెప్తవ్?” అని మాత్రం అడిగింది.

ఛాంబరు

ఉస్తాద్ తిరిగి వచ్చినప్పుడు మనిషి కొంచెం మారాడు. నడకలో పాత విసురు ఉంది. వస్తూనే చేతులు నడుం మీద పెట్టుకుని కారు ముందు నిలబడ్డాడు.

“సెన్సార్ మార్చినవ్. గేజు పెట్టినవ్. ఇగ మిగిలింది కిందికెల్లి చూసుడే. ఛాంబరు ఇప్పు.”

“ఇప్పుడా ఉస్తాద్?”

“మరెప్పుడు? పార్టీకి చెప్పినవా, ఇయ్యాల బండి కాదని?”

మా భాషలో పార్టీ అంటే బండి తెచ్చిన కస్టమరు. ఈ బండికి పార్టీ ఆయనే. నేను యాదమ్మ వైపు చూశాను. ఆమె తల తిప్పుకుంది.

“చెప్పిన ఉస్తాద్” అన్నాను.

కారును స్టాండ్ల మీదికి ఎత్తాం. అట్టలు పరుచుకుని ఇద్దరం కిందికి దూరాం. నా మోకాళ్లు పట్టుకుపోయాయి గానీ ఆయన మాత్రం బల్లిలా సర్రున జరిగాడు. టార్చ్ ఆయన పట్టుకున్నాడు. నేను ఆయిల్ దించి, ఛాంబరు బోల్టులు ఒక్కొక్కటే విప్పాను. ఛాంబరు అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే రేకు తొట్టి. దాన్ని కిందికి దించితే అడుగున ముత్యాల పొడిలాంటి మెరుపు కనిపించింది. అది బేరింగుల పొడి. ఇద్దరం చూశాం.

ఆయన టార్చ్ పైకి తిప్పాడు. క్యాపులు వరసగా కనిపించాయి. ఒకటో దానికి ఒక చుక్క, పక్కన దిమ్మె మీద ఒక చుక్క. రెండోచోట దిమ్మె మీద రెండు చుక్కలు, క్యాపు మీద మూడు. మూడోచోట దిమ్మె మీద మూడు, క్యాపు మీద రెండు. ఆ చుక్కలు ఆయన చేత్తో పెట్టినవే. ఆయన కొట్టే చుక్క లోతుగా, గుండ్రంగా, అంచు చిట్లకుండా ఉంటుంది. ఎక్కడున్నా గుర్తుపట్టగలను.

టార్చ్ వెలుగు రెండో క్యాపు మీద ఆగింది. మూడోదాని మీదికి పోయింది. మళ్లీ రెండోదాని మీదికి వచ్చింది. నేను ఆయన మొహం వైపు చూడలేకపోయాను. బండి పక్కన నిలబడ్డ యాదమ్మ పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ క్షణంలో నాకు భయం వేసింది. లారీ గుద్దిన బండిని చూసినప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు.

“ఈ ఇంజన్ ఎవడు బిగించిండు?” అన్నాడు ఉస్తాద్.

నిజంగానే అడుగుతున్నాడు. గ్యారేజీలో మా అందర్నీ వరసగా నిలబెట్టి అడిగే గొంతు అది. ఇందాక పిస్టన్లు తూచిన సంగతి చెప్పిన మనిషి ఇప్పుడు నా పక్కన లేడు. కానీ ఎప్పుడైనా తిరిగి రావచ్చు. ఈ టార్చ్ వెలుగులోనే, ఇంకో నిమిషంలోనే తిరిగి రావచ్చు. వస్తే, ఈ చుక్కలు తానే పెట్టానని, ఈ క్యాపులు తానే మార్చానని తెలుస్తుంది. షెడ్డు పోవడం కంటే అది పెద్ద సంగతి.

“నేనే ఉస్తాద్” అన్నాను.

“నువ్వా?”

“అవును.”

“చుక్కలు చూస్కోలేదా?”

“చూస్కోలే.”

“రెండు వేళ్లతోని తిప్పి చూడలేదా?”

“తిప్పిన. జెర గట్టిగనే తిరిగింది ఉస్తాద్. కొత్త బేరింగులు కద, సదురుకుంటదనుకున్న.”

ఆయన చాలాసేపు నన్నే చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే నాకు బాగుండేది. చెయ్యి చాచి నా చేతిలోని పానా తీసుకున్నాడు. పక్కన నేల మీద పెట్టాడు.

“పోయి చేతులు కడుక్కో.”

నేను బయటికి జరిగి లేచాను. యాదమ్మ అంతా విన్నది. మగ్గుతో నీళ్లు పోసింది, సబ్బు ఇచ్చింది. నేను చేతులు కడుక్కున్నాను. ఆమె తుడుచుకోవడానికి తువ్వాలు అందించింది. నా పానా అక్కడే వదిలి వచ్చేశాను.

ఆ సాయంత్రం సుధాకర్ ఫోన్ చేశాడు. ఇంజన్ పోయిందని చెప్పాను. ఎవరి వల్ల అని అతను అడగలేదు. తర్వాత షెడ్డు తీసేశారు. కారు తుక్కు బండి మీద పోయింది. ఉస్తాద్ రెండు మూడు రోజులు పెరట్లో షెడ్డు ఉన్న జాగాలో నిలబడి చూశాడట, తర్వాత అటు పోవడం మానేశాడట. మీరు ఇక్కడ నన్ను ఏమైనా అనుకోండి. లైటు ఆర్పనందుకు నాకు పశ్చాత్తాపం లేదు. షెడ్డు పోయినందుకు మాత్రం ఇప్పటికీ ఏడుపు వస్తుంది.

ఆ తర్వాత కూడా నేను పని చేసుకుని ఉండొచ్చు. మతిలేని మనిషి మాట పట్టుకుని పని మానేయడం ఏమిటని మా ఇంట్లోవాళ్లే అన్నారు. ఆయన ఆ రాత్రికే మర్చిపోయి ఉంటాడని నేనూ అనుకున్నాను. ఇంటి ముందు బండ్లు ఆగి ఉన్నాయి, మర్నాడు మొదలుపెడదాం, ఎల్లుండి మొదలుపెడదాం అనుకుంటూ ఉన్నాను. అప్పుడు యాదమ్మ ఫోన్ చేసింది.

“అన్నీ మర్సిపోతుండు కొడుకా. నన్ను ఎవలు నువ్వని అడిగిండు. గదొక్కటి మాత్రం మర్సిపోతలేడు. ఇంటికొచ్చినోళ్లందరికి చెప్తుండు. మహబూబ్ మంచి పనోడు, నేనే నేర్పిన, పాపం మతి పోయింది, పానా కింద పెట్టిపిచ్చిన అంటుండు. అనుకుంట కండ్ల నీళ్లు తీస్కుంటుండు.”

యాప్రాల్‌కూ మల్కాజ్‌గిరికీ దూరమెంత. పాత గ్యారేజీవాళ్లు ఆయన్ని చూడటానికి పోతుంటారు, మా ఇంటి ముందునుంచే పోతారు. నేను పానా పట్టుకుని కనిపిస్తే ఎవరో ఒకరు ఆయనతో అంటారు, మహబూబ్ బ్రహ్మాండంగా పని చేస్తున్నాడు ఉస్తాద్ అని. అప్పుడాయన, మరి ఆ ఇంజన్ ఎవడు బిగించాడని మళ్లీ అడుగుతాడు.

ఇంటి ముందున్న బండ్లను తెలిసిన గ్యారేజీకి పంపించేశాను. ఎవరైనా అడిగితే మోకాళ్లు అంటాను. మోకాళ్లు కూడా నొప్పిగానే ఉన్నాయి.